గుర్తుపట్టడం, అప్పజెప్పడం: ఉచిత వనరులతో స్పానిష్ అభ్యాసం

1980లో ఫ్లోరిడాలో పద్దెనిమిదేళ్ల యువకుడొకణ్ణి స్పృహ లేని స్థితిలో ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువచ్చారు. వెంట వచ్చిన కుటుంబీకులు స్పానిష్ మాట్లాడే క్యూబన్లు. పిల్లవాడు 'ఇంతోక్సికాదో' అని వాళ్లు చెప్పారు. వాళ్ల వాడుకలో ఆ మాటకు తిన్నదో తాగినదో పడక జబ్బు చేసిందని అర్థం. వైద్యులకు అది ఇంగ్లీషు 'ఇంటాక్సికేటెడ్'లా వినిపించింది. మత్తుమందు మోతాదు మించిందన్న నమ్మకంతో వైద్యం సాగింది. నిజానికి జరుగుతున్నది మెదడులో రక్తస్రావం. ఆ సంగతి బయటపడేసరికి ఆలస్యమయింది. ఆ యువకుడి కాళ్లూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడిపోయాయి. వ్యాజ్యం కొన్ని కోట్ల డాలర్ల పరిహారంతో ముగిసింది.

వైద్యరంగంలో భాషాసమస్యను చర్చించేవారు తరచు ఉదహరించే ఉదంతం ఇది. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. అక్కడ ఎవరూ దుబాసీని పిలవలేదు. పిలవవలసిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు. మాట తెలియదని తెలిసి ఉంటే ఎవరో ఒకరు అడిగేవారు. తెలిసినట్టు అనిపించబట్టే అడగలేదు.

అమెరికాలో నాలుగు కోట్లమందికి పైగా ఇంట్లో స్పానిష్ మాట్లాడతారు. టెక్సస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, న్యూజెర్సీ వంటి రాష్ట్రాలలో పనిచేసే తెలుగు వైద్యులు, దంతవైద్యులు, ఫార్మసిస్టులు, ఉపాధ్యాయులు చాలామందికి అది పనిచేసే చోట రోజూ చెవిన పడే భాష. తెలుగు, హిందీ, ఇంగ్లీషుల తరవాత నాలుగో భాషగా దాన్ని నేర్చుకోవడం మొదలుపెట్టినవారు తక్కువేమీ కాదు. మొదలుపెట్టి, కొంత వచ్చి, మళ్లీ మరిచిపోయినవారు అంతకంటే ఎక్కువ. కారణం వనరుల కొరత కాదు. పైసా ఖర్చు లేకుండా దొరికే స్పానిష్ పాఠాలు, కథనాలు, నిఘంటువులు, వీడియోలు ఒక జీవితకాలానికి సరిపడా ఉన్నాయి. వాటిలో ఏది మంచిదన్న చర్చ సాధారణంగా ఏది ఆసక్తిగా ఉంది, ఏది సులువుగా ఉంది అన్న చోట ఆగిపోతుంది. నేర్చిన భాషను నిలబెట్టుకోవడానికి ఏది పనికివస్తుందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే ముందు మరపు సంగతి చూడాలి.

మరపు లెక్క

మరపును తొలిసారి కొలిచి చూసిన శాస్త్రజ్ఞుడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్. అర్థం లేని అక్షరాల కూర్పులను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదనే పరీక్షించుకుని, 1885లో ఆ ఫలితాలను ప్రచురించాడు. నేర్చిన వెంటనే మరపు వేగంగా ఉంటుంది, పోనుపోను నెమ్మదిస్తుంది అన్నది ఆయన గీసిన రేఖ చెప్పిన సారాంశం.

అర్థం లేని అక్షరాల నుంచి అసలైన భాషకు ఈ పరిశోధనను తెచ్చినవాడు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త హారీ బారిక్. ఆయన ఎంచుకున్న భాష స్పానిషే. బడిలోనో కళాశాలలోనో స్పానిష్ చదువుకున్న 733 మందిని పరీక్షించి, చదువు ముగిసిన యాభై ఏళ్ల వరకు ఎంత మిగులుతుందో 1984లో ప్రకటించాడు. మొదటి మూడు నుంచి ఆరేళ్లలో జ్ఞాపకం వేగంగా పడిపోతుంది. అప్పటికి నిలిచినది ఆ పైన ముప్ఫై ఏళ్ల దాకా దాదాపు చెక్కుచెదరదు. చివరి దశలో మళ్లీ కొంత క్షీణత కనిపిస్తుంది. ఎంత నిలుస్తుందన్నది మొదట ఎంత గట్టిగా నేర్చారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆ 733 మందిలో అత్యధికులు మధ్యకాలంలో స్పానిష్‌ను దాదాపు ముట్టుకోలేదు; అభ్యాసం ప్రభావం గణాంకాలకు అందనంత తక్కువగా ఉంది. అయినా యాభై ఏళ్ల తరవాత కూడా చెప్పుకోదగ్గ భాగం మిగిలే ఉంది.

నడివయసులో పాత భాషను దుమ్ము దులపాలనుకునేవారికి ఇది ఊరట కలిగించే వార్త. చేజారిందనుకున్నది పూర్తిగా చేజారదు. అయితే ఇందులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. పైపైన నేర్చినది ఆ నిలకడ స్థితికి చేరకముందే కరిగిపోతుంది. ఆరునెలలు సరదాగా నేర్చి వదిలేసిన భాషకు ఆ ముప్ఫై ఏళ్ల భరోసా వర్తించదు.

బారిక్ మరో అధ్యయనం ఇంకా ఆసక్తికరమైనది. ఆయన, ఆయన కుటుంబంలోని మరో ముగ్గురు కలిసి తొమ్మిదేళ్లపాటు 300 పరభాషా పదాలను నేర్చుకుంటూ, మళ్లీ నేర్చుకుంటూ తమనే పరీక్షించుకున్నారు. 1993లో ప్రచురించిన ఫలితం ఇది: 56 రోజుల ఎడంతో పదమూడు సార్లు నెమరువేసినా, 14 రోజుల ఎడంతో ఇరవయ్యారు సార్లు నెమరువేసినా నిలిచినది దాదాపు సమానమే. ఎడం పెరిగితే నేర్చుకునేటప్పుడు కొంచెం కష్టమనిపిస్తుంది, కాని సగం శ్రమతో అంతే ఫలితం దక్కుతుంది. నేర్చుకునే సమయంలో కలిగే సులువు భావనకు, చివరికి నిలిచే దానికి పొంతన లేదన్నమాట.

వల్లించడం వేరు, అప్పజెప్పడం వేరు

తెలుగు బడుల్లో చదివినవారికి రెండు మాటలు బాగా తెలుసు: వల్లించడం, అప్పజెప్పడం. పుస్తకం చూస్తూ పద్యాన్ని పదిసార్లు చదవడం వల్లించడం. పుస్తకం మూసి, మాస్టారి ఎదుట నిలబడి, తడబడుతూ అయినా మొత్తం చెప్పడం అప్పజెప్పడం. మొదటిది చదువు, రెండోది పరీక్ష అని అందరూ అనుకునేవారు. అసలు చదువు రెండోదే అని చెప్పడానికి ప్రయోగశాల ఆధారం ఈ శతాబ్దంలో గట్టిపడింది.

2008లో జెఫ్రీ కార్పికే, హెన్రీ రోడిగర్ ప్రచురించిన ప్రయోగంలో అమెరికన్ విద్యార్థులు 40 స్వాహిలీ పదాలను ఇంగ్లీషు అర్థాలతో నేర్చుకున్నారు. ఒక పదాన్ని ఒకసారి సరిగ్గా చెప్పగలిగాక కొందరు దాన్ని చదవడం మానేసి, చెప్పడం మాత్రం కొనసాగించారు. కొందరు చెప్పడం మానేసి, చదవడం కొనసాగించారు. ఆ రోజుకు అందరికీ అన్ని పదాలూ వచ్చాయి. వారం తరవాత పరీక్షిస్తే, చెప్పడం కొనసాగించినవారికి సుమారు 80 శాతం గుర్తున్నాయి. చదవడం మాత్రమే కొనసాగించినవారికి 36 శాతం. వారం తరవాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగినప్పుడు, అన్ని బృందాలవారూ దాదాపు సగం అన్నారు. ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో వాళ్లకే తెలియలేదు.

గుర్తుపట్టడం ఒక శక్తి, గుర్తుచేసుకుని చెప్పడం మరొక శక్తి. ఎదురుగా ఉన్న పదాన్ని గుర్తుపట్టినప్పుడల్లా అది తనకు వచ్చేసిందన్న తృప్తి కలుగుతుంది. రోగి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ పదం తెర మీద కనిపించదు, నోటికి రావాలి. అందుకే ఏ ఉచిత వనరునైనా బేరీజు వేయడానికి ఈ వ్యాసం ఒకే కొలతను వాడుతుంది: అది అభ్యాసకుడి చేత అప్పజెప్పిస్తుందా, లేక గుర్తుపట్టించి పంపేస్తుందా?

వింటూ ఉంటే వచ్చేస్తుందా?

ఈ కొలతకు బలమైన అభ్యంతరం ఒకటుంది. స్టీఫెన్ క్రాషెన్ 1980ల నుంచి చెబుతున్న సిద్ధాంతం ప్రకారం భాష అబ్బేది అభ్యాసాల వల్ల కాదు, అర్థమయ్యే భాషను పుష్కలంగా వినడం వల్ల, చదవడం వల్ల. చంటిపిల్లలు ముందు వింటారు, ఆ తరవాతే మాట్లాడతారు అన్నది ఈ వాదానికి సహజమైన ఆకర్షణ. 'డ్రీమింగ్ స్పానిష్' వంటి ఉచిత వీడియోల వెనక ఉన్నది ఈ ఆలోచనే. బొమ్మలు గీస్తూ, సైగలు చేస్తూ, నెమ్మదిగా స్పానిష్‌లోనే కథలు చెబుతారు. తొలిదశలో మాట్లాడవద్దని సలహా ఇస్తారు. వారు సూచించే ప్రయాణం 1500 గంటల వినికిడి.

వినడం వ్యర్థమని ఎవరూ అనరు. చెవికి లయ పట్టాలన్నా, వేగంగా దొర్లిపోయే మాటలను విడదీసి పట్టుకోవాలన్నా వేరే మార్గం లేదు. అయితే వినికిడి ఒక్కటే చాలదని చూపిన పెద్ద ఉదాహరణ కెనడాలో ఉంది. అక్కడ ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పిల్లలకు బడిలో పాఠాలన్నీ ఫ్రెంచిలోనే చెప్పే పద్ధతి 1960లలో మొదలయింది. ఏళ్ల తరబడి అలా చదివిన పిల్లలను పరిశీలించిన మెరిల్ స్వెయిన్ 1985లో ఒక విషయం ఎత్తి చూపింది. వినడంలో, చదవడంలో వాళ్లు ఫ్రెంచి పిల్లలకు దాదాపు సమానంగా ఉన్నారు; మాట్లాడడంలో, రాయడంలో, ముఖ్యంగా వ్యాకరణంలో, వెనకబడి ఉన్నారు. అర్థం చేసుకోవడానికి సందర్భం సాయపడుతుంది, సగం విన్నా భావం అందుతుంది. చెప్పాలంటే మాత్రం ప్రతి ప్రత్యయాన్నీ తనే ఎంచుకోవాలి. ఆ ఒత్తిడి లేనిచోట ఆ భాగం పెరగదని స్వెయిన్ వాదన.

వనరుల బేరీజు

ఈ కొలతతో చూస్తే అందరి ఫోన్లలో ఉండే డ్యూయోలింగో స్థానం ఎక్కడ? స్పానిష్ మాతృభాషగా గ్వాటెమాలాలో పెరిగిన లూయిస్ వాన్ ఆన్, ఆయన శిష్యుడు సెవెరిన్ హాకర్ పిట్స్‌బర్గ్‌లో మొదలుపెట్టిన ఈ సంస్థ 2012లో తన పాఠాలను అందరికీ తెరిచింది, 2021లో స్టాక్ మార్కెట్టులోకి వచ్చింది. దాని ఘనత తక్కువ కాదు. భాష నేర్చుకోవడం డబ్బున్నవారి వ్యాపకం కాదని నిరూపించింది. రోజుకు పది నిమిషాలు కూర్చునే అలవాటు కోట్లమందికి చేసింది. మరిచిపోయే వేళకు పదాన్ని మళ్లీ ముందుకు తెచ్చే లెక్కల మీద ఆ సంస్థ పరిశోధకులు 2016లో ప్రచురించిన పత్రం చెప్పుకోదగినది.

లోపం ప్రశ్నలు అడిగే తీరులో ఉంది. ఇంగ్లీషు వాక్యం ఇచ్చి, కింద స్పానిష్ పదాలను పలకలుగా పేర్చి, వరసలో నొక్కమంటుంది. పలకలు ఎనిమిదే ఉన్నప్పుడు వాక్యం తెలియకపోయినా ఊహించవచ్చు. ఇది గుర్తుపట్టడమే, అప్పజెప్పడం కాదు. పైగా వరస తప్పకుండా ఎన్ని రోజులు వచ్చారన్న లెక్కను అది అన్నిటికంటే ఎత్తున చూపుతుంది. హాజరుపట్టీ ఎప్పటికీ మార్కుల పట్టీ కాలేదు. ఉచితంగా వాడేవారు తప్పు చేసినప్పుడల్లా ఒక 'హృదయం' కోల్పోయే ఏర్పాటు చాలాకాలం నడిచింది. తడబడుతూ చెప్పడమే చదువైనప్పుడు, తడబాటుకు జరిమానా వేస్తే అభ్యాసకుడు తేలిక పాఠాల వైపే జరుగుతాడు.

దీనికి పూర్తిగా ఎదురుకొసన ఉన్నది 'ఆంకీ'. ఆ పేరు కంఠస్థం చేయడమన్న అర్థమున్న జపనీస్ మాట. 2006లో వచ్చిన ఈ ఉపకరణానికి పూర్వీకులు ఇద్దరు: జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన చీటీల పెట్టె, పోలండ్‌కు చెందిన పియోత్ర్ వోజ్నియాక్ 1987లో కంప్యూటర్ మీదకు ఎక్కించిన ఎడం లెక్క. చీటీకి ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. పలకలు లేవు, ఊహించే వీలు లేదు. జవాబు చెప్పుకుని, చీటీ తిప్పి, వచ్చిందో రాలేదో నిజాయితీగా నొక్కాలి. వచ్చిన చీటీ నెలల తరవాత తిరిగి వస్తుంది, రానిది కాసేపట్లోనే వస్తుంది. బారిక్ కుటుంబం తొమ్మిదేళ్లు చేతితో చేసిన పని ఇది తనంత తాను చేస్తుంది. కంప్యూటర్ మీద, ఆండ్రాయిడ్ ఫోన్ల మీద ఉచితం. ఐఫోన్‌కు మాత్రం వెల ఉంది. రూపం మోటు, మొదటి వారం విసుగు. ఇతరులు తయారుచేసిన చీటీల కట్టలు దింపుకోవడం కంటే, తన పనిలో ఎదురైన వాక్యాలతో తన చీటీలు తాను రాసుకున్నవారికే ఇది బాగా పనికివస్తుంది.

అందరూ మరిచిపోయిన మరో నిధి అమెరికా ప్రభుత్వానిది. దౌత్యవేత్తల శిక్షణ కోసం 1947లో ఏర్పడిన ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన స్పానిష్ ప్రాథమిక పాఠాలు, 55 భాగాలు, శబ్దగ్రహణాలతో సహా ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ప్రభుత్వ రచనలు కనుక వాటికి కాపీహక్కుల బెడద లేదు. టైపుమిషను అక్షరాలు, పాత టేపుల గరగర, వీసాలూ విందులూ నిండిన సంభాషణలు. కాని పద్ధతి గట్టిది. టేపులో గొంతు ఒక వాక్యం చెప్పి, కర్తను మార్చమంటుంది, కాలం మార్చమంటుంది, కాదని జవాబివ్వమంటుంది. విరామంలో అభ్యాసకుడు పైకి చెప్పాలి, ఆ తరవాతే సరైన రూపం వినిపిస్తుంది. యాంత్రికమన్న విమర్శ న్యాయమే. అర్థం పట్టకుండా కూడా ఈ అభ్యాసాలు చేయవచ్చు. అయినా క్రియారూపాలు ఆలోచించకుండా నోటికి రావడానికి ఇంత నమ్మకమైన ఉచిత సాధనం అరుదు.

'లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్' అనే తొంభై చిన్న శబ్దపాఠాల వరస ఈ రెండింటికీ మధ్యేమార్గం. గురువు కొత్త వాక్యాన్ని చెప్పడు, అభ్యాసకుడి చేత కట్టిస్తాడు. ప్రశ్న రాగానే శబ్దాన్ని ఆపి, తన వాక్యం తాను చెప్పి, ఆ పైన వినాలన్నది నియమం. పూర్తిగా విరాళాల మీద నడుస్తుంది. ఆపకుండా విన్నవారికి మాత్రం ఇది కూడా ఒక శ్రవ్య కార్యక్రమంగా మిగిలిపోతుంది.

కొంత వచ్చినవారికి 'రేడియో ఆంబులాంతె' వంటిది మరొకటి లేదు. పెరూలో పుట్టి అమెరికాలో పెరిగిన నవలాకారుడు డానియెల్ అలార్కోన్ సహస్థాపకుడుగా మొదలైన ఈ కార్యక్రమం లాటిన్ అమెరికా దేశాల నిజజీవిత కథనాలను అక్కడి గొంతులతోనే వినిపిస్తుంది. మెక్సికో యాస ఒకటి, అర్జెంటీనా యాస ఒకటి, కరీబియన్ల వేగం ఒకటి. కథనాల లిఖిత పాఠం కూడా ఉచితంగా దొరుకుతుంది. ఇది అప్పజెప్పించే సాధనం కాదు, అలా మార్చుకోవచ్చు. అయిదు నిమిషాలు విని, ఆపి, విన్నది స్పానిష్‌లో రెండు నిమిషాలు తిరిగి చెప్పి, తరవాత లిఖిత పాఠం చూసుకుంటే వినికిడే అప్పజెప్పడం అవుతుంది. డ్యూయోలింగోలో కూడా పలకలను చేతితో మూసి, వాక్యం పైకి చెప్పాకే నొక్కవచ్చు. వనరు ఏదైనా, వాడే తీరు మార్చుకుంటే దాని గుణం మారుతుంది.

ఇంగ్లీషు మీదుగా చుట్టుదారి

ఈ వనరులన్నిటికీ ఉమ్మడి లోపం మరొకటి ఉంది. అవి ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారిని ఊహించుకుని రాసినవి. తెలుగువారు వాటిని ఇంగ్లీషు మీదుగానే చదువుతారు. దానివల్ల తమకు పుట్టుకతో వచ్చిన కొన్ని సౌకర్యాలను వదులుకుంటారు.

'నాకు తల నొప్పిగా ఉంది' అన్నదానికి స్పానిష్ 'మె ద్వేలె లా కబేసా'. నాకు నొస్తున్నది తల. 'నాకు ఇష్టం' అనడానికి 'మె గుస్తా'. ఇంగ్లీషువారికి ఇవి తలకిందుల వాక్యాలు; వాటికోసం పాఠ్యపుస్తకాలు పేజీలు కేటాయిస్తాయి. అనుభవించేవాణ్ణి 'కు' విభక్తిలో పెట్టడం తెలుగువారికి నిత్యకృత్యం. 'ఐ లైక్' అన్న మెట్టు ఎక్కి దిగకుండా నేరుగా 'నాకు ఇష్టం' నుంచి వెళితే ఈ పాఠం సగానికి సగం తగ్గిపోతుంది.

'సేర్', 'ఎస్తార్' అనే రెండు క్రియలదీ అదే కథ. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. శాశ్వతమైతే మొదటిది, తాత్కాలికమైతే రెండోది అని నేర్పుతారు. ఊరు ఎక్కడ ఉందో చెప్పేటప్పుడు ఆ సూత్రం బోల్తాపడుతుంది. ఊరు కదలదు, అయినా వాడవలసింది 'ఎస్తార్'. తెలుగులో 'ఆమె డాక్టరు' అంటే క్రియే లేదు. అక్కడ స్పానిష్‌లో 'సేర్' వస్తుంది. 'ఆమె నీరసంగా ఉంది', 'హైదరాబాదు తెలంగాణలో ఉంది' అంటే 'ఉంది' వస్తుంది, అక్కడ 'ఎస్తార్'. 'ఆమె పొడుగ్గా ఉంటుంది' అన్నప్పటి 'ఉంటుంది' మళ్లీ 'సేర్' వైపు వెళుతుంది. ఈ పోలిక ప్రతిచోటా నిలవదు, కాని శాశ్వతం–తాత్కాలికం సూత్రం కంటే తక్కువ సార్లు మోసం చేస్తుంది.

ఉచ్చారణలో నష్టం ఇంకా స్పష్టం. ఇంగ్లీషు 'టి', 'డి'లను తెలుగువారు ట, డలుగా పలుకుతారు. స్పానిష్‌ను ఇంగ్లీషు అక్షరాల మీదుగా చదివినప్పుడు అవే మూర్ధన్యాలు అందులోకి వస్తాయి. అసలు స్పానిష్ శబ్దాలు త, దలు: 'తొమాతె', 'దొలోర్'. అచ్చుల మధ్య ద ఇంకా మెత్తబడుతుంది. ఇంగ్లీషువారు ఏళ్లు కష్టపడే ఊపిరి లేని క, త, పలు తెలుగువారి నాలుక మీద ఉన్నవే. 'పేరో' అంటే కాని, 'పెర్రో' అంటే కుక్క. ఒక ర, రెండు ర్ల తేడా వినడానికి తెలుగు చెవికి శిక్షణ అక్కరలేదు. చీటీల మీద ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకుంటే చాలు, ఈ లాభం చేతికి వస్తుంది.

మర్యాద సంగతి కూడా అంతే. ఇంగ్లీషు 'యు' కింద 'తూ', 'ఉస్తేద్' రెండూ కలిసిపోతాయి. ఉచిత పాఠాలు చాలావరకు చనువైన 'తూ'తోనే సాగుతాయి. ఎనభయ్యేళ్ల మెక్సికన్ వృద్ధురాలిని 'నీకు ఎక్కడ నొప్పి?' అని అడగడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు మీదుగా నేర్చినప్పుడు ఆ తెలిసిన సంగతే మరుగున పడుతుంది. ఈ విషయంలో దౌత్యవేత్తల కోసం రాసిన పాత పాఠాలే నయం. వాటిలో 'ఉస్తేద్'కు పెద్దపీట.

ఉచితం ఖరీదు

ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ పాత లెక్క ప్రకారం ఇంగ్లీషు మాట్లాడే వయోజనుడు వృత్తికి సరిపడా స్పానిష్ నేర్వడానికి 600 నుంచి 750 తరగతి గంటలు పడుతుంది. అదీ గురువుల ఎదుట, చిన్న తరగతుల్లో, అదే పనిగా కూర్చుంటే. రోజుకు పావుగంట చొప్పున ఏడాదికి 91 గంటలు. ఒక్క రోజు తప్పకుండా చేసినా ఆరున్నరేళ్ల నుంచి ఎనిమిదేళ్లు. కాబట్టి ఆ పావుగంటలో ఏం చేస్తున్నారన్నది చిన్న ప్రశ్న కాదు. అయిదు నిమిషాలు చీటీలు, అయిదు నిమిషాలు పైకి చెప్పే అభ్యాసం, అయిదు నిమిషాలు విని తిరిగి చెప్పడం, వారానికొకసారి స్పానిష్ మాట్లాడే మనిషితో సంభాషణ: ఇది ఆకర్షణీయమైన పథకం కాదు, కాని ప్రతి నిమిషమూ నోటితో పని చేయించేది.

ఉచితానికి మరో రకం ఖరీదు కూడా ఉంది. 2007లో సియాటిల్‌లో మొదలైన లైవ్‌మోకాలో ఒక భాషవారు మరో భాషవారి అభ్యాసాలను దిద్దిపెట్టేవారు. 2013లో రోసెట్టా స్టోన్ దాన్ని కొన్నది, 2016లో మూసేసింది. లక్షలమంది పరస్పరం చేసుకున్న సాయానికి చోటు లేకుండా పోయింది. డ్యూయోలింగో కూడా మొదట్లో అభ్యాసకుల చేత వెబ్ పుటలను అనువాదం చేయించి దాని మీద సంపాదించాలనుకుంది, తరవాత ఆ దారి వదిలింది. సంస్థ ఆలోచన మారితే పాఠం మారుతుంది. సొంత కంప్యూటర్లో ఉన్న చీటీలకు, కాపీహక్కులు లేని పాఠాలకు ఆ భయం లేదు.

చివరగా, ఈ వనరులు దేనికి సరిపోవో కూడా చెప్పాలి. స్పెయిన్‌లో 'కోన్స్తిపాదో' అంటే జలుబు చేసినవాడు. మలబద్ధకం ఉన్నవాడు 'ఎస్త్రెన్యీదో'. ఇంగ్లీషు మందుచీటీలో 'వన్స్' అని రాసే అక్షరాలనే స్పానిష్‌లో చదివితే 'ఓన్సే', అంటే పదకొండు. ఇటువంటి చోట్ల సగం వచ్చిన భాష, అసలు రాని భాష కంటే ప్రమాదకరం. రోగ నిర్ధారణకు, అంగీకార పత్రానికి, మందు మోతాదుకు అర్హత గల దుబాసీ ఉండవలసిందే. అప్పజెప్పే అలవాటు వల్ల కలిగే పెద్ద లాభాల్లో ఇది ఒకటి: తనకు ఏది రాదో మనిషికి తెలుస్తుంది. గుర్తుపట్టడం దగ్గరే ఆగినవారికి ఆ హద్దు కనిపించదు. ఫ్లోరిడాలో ఆనాడు కనిపించనిది అదే.

ఇంటి భాష

స్వెయిన్ కెనడాలో చూసిన పిల్లలు విదేశాల్లోని తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. అమ్మమ్మ ఫోనులో తెలుగులో అడుగుతుంది, మనవడు ఇంగ్లీషులో జవాబిస్తాడు. అమ్మమ్మ అడిగినదంతా వాడికి అర్థమవుతుంది. 'వాడికి తెలుగు వచ్చు, మాట్లాడడు అంతే' అని తల్లిదండ్రులు అంటారు. వచ్చినది గుర్తుపట్టడం వరకే. అదే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ తెలుగును స్పానిష్ కంటే కష్టమైన భాషల వరసలో చేర్చి, ఇంగ్లీషువారికి 44 వారాలు, 1100 తరగతి గంటలు పడుతుందని లెక్కగట్టింది. పదేళ్ల పిల్లవాడు వినికిడి రూపంలో అంతకు ఎన్నో రెట్లు ఇంట్లో ఉచితంగా అందుకున్నాడు. తెలుగు కార్టూన్లు, పాటలు, కథల వీడియోలు ఇంకొన్ని వందల గంటలు కలపగలవు. ఆ జవాబును మాత్రం అవి మార్చలేవు. వాడు తెలుగులో చెప్పేదాకా అమ్మమ్మ ఫోను పెట్టేయకుండా ఆగగలిగితే, వాడికి అంతకు మించిన ఉచిత వనరు లేదు.